మీ బండి, మా జవాబు: పాత జీపులో ఫోర్ వీల్ ఎప్పుడు వెయ్యాలి, ఎప్పుడు తియ్యాలి

సార్వా దమ్ములు మొదలైతే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు తారు రోడ్డు దిగి పుంతల్లోకి వెళ్లిపోతాయి. ఈసారి పాత ఫోర్ వీల్ బండ్ల మీద అడిగినవన్నీ ఒకచోట చేర్చాం. ఇక్కడ చెప్పేవి లివరుతోనో మీటతోనో ఫోర్ వీల్ వేసుకునే బండ్లకు, అంటే పాత మహీంద్రా జీపులు, మారుతీ జిప్సీ, పాత బొలెరో, స్కార్పియో, 2010లో వచ్చిన థార్‌లలో ఫోర్ వీల్ ఉన్నవాటికి వర్తిస్తాయి. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండ్ల లెక్క వేరు.

ప్రశ్న: చెరువుల దగ్గరికి మేత బస్తాలు వేసుకెళ్లడానికి పాత మహీంద్రా జీపు కొన్నాను. గేరు రాడ్డు కాక పక్కన రెండు చిన్న లివర్లున్నాయి. మొన్న చెరువు గట్టు మీద ఫోర్ వీల్ వేసి, అలాగే తారు రోడ్డెక్కి ఇంటికి వచ్చాను. మలుపుల్లో స్టీరింగు బిగుసుకుపోయింది, బండిని ఎవరో పట్టి లాగుతున్నట్టు ఉంది. ఇంటి దగ్గర లివరు తీయబోతే కదల్లేదు. గేర్లు పోయాయంటారా?
— రొయ్యల రైతు, మొగల్తూరు

పోలేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే తిప్పితే పోతాయి.

మీ జీపులో గేరుబాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులోంచి రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు బయల్దేరతాయి. ఒకటి ముందు ఇరుసు గేర్లుండే ముందు హౌసింగుకి, ఒకటి వెనక హౌసింగుకి. ఫోర్ వీల్ లివరు వేస్తే ఆ రెండూ ఒకదానికొకటి బిగిసి ఒకే వేగంతో తిరుగుతాయి. వాటి మధ్య తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు. తిన్నగా పోయినంతసేపూ పేచీ లేదు. మలుపులో మాత్రం ముందు చక్రాలు పెద్ద వంపులోనూ, వెనకవి చిన్న వంపులోనూ నడుస్తాయి.

లెక్క వేసి చూడండి. రెండు ఇరుసుల మధ్య 2.3 మీటర్లున్న జీపు, వెనక ఇరుసు 6 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగేలా ఊరి సెంటర్లో తొంభై డిగ్రీల మలుపు తీసుకుందనుకుందాం. వెనక ఇరుసు సుమారు 9.4 మీటర్లు నడుస్తుంది, ముందు ఇరుసు 10.1 మీటర్లు. ఆ 70 సెంటీమీటర్లంటే 6.00-16 టైరుకు మూడో వంతు చుట్టుకు కాస్త తక్కువ. క్రౌన్ పినియన్ నిష్పత్తి 5.38 ఉన్న జీపులో అది ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గరకొచ్చేసరికి ఒకటిన్నర చుట్టు దాటుతుంది. అంత తేడా ఒక్క మలుపుకే! బురదలోనో ఇసకలోనో అయితే టైరు కాస్త జారి ఆ తేడాను తీర్చేస్తుంది. తారు, సిమెంటు రోడ్లు జారనివ్వవు. దాంతో షాఫ్టులు, ఆక్సిళ్లు మెలితిరిగి బిగుస్తాయి. లోపల గేరు పళ్లు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకుని ఉంటాయి కాబట్టి లివరు రాదు. ఆ స్థితిలో ఇంకా తిప్పితే ముందుగా తెగేవి ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు. ఆ తర్వాత ముందు ఆక్సిల్ జాయింట్లు, చైను ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసైతే చైను.

ఇరుక్కున్న లివరును సుత్తితోనో కాలితోనో తన్నకండి, లోపలి ఫోర్కు వంగుతుంది. స్టీరింగు తిన్నగా పెట్టి, రివర్సులో మూడు నాలుగు మీటర్లు మెల్లగా వెనక్కి పోనివ్వండి. క్లచ్చి తొక్కి, బండి ఇంకా కదులుతుండగానే లివరును చేత్తో ఒక మోస్తరుగా లాగి పట్టుకోండి. మెలి విడిపోగానే టక్కుమని వస్తుంది. రాకపోతే ఒక పక్క చక్రాలను రోడ్డు పక్క మట్టిలోకి దింపి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి ముందు చక్రం ఒకటి జాకీ మీద లేపాలి. లేచిన చక్రం విడుదలయ్యేటప్పుడు ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది, చేతులు దగ్గర పెట్టకండి.

ఇక రెండు లివర్లలో ఏది ఏమిటంటారా? ఒకటి ముందు ఇరుసును కలిపేది, రెండోది హై (మామూలు వేగం), న్యూట్రల్, లో (తక్కువ వేగం, ఎక్కువ బలం) మార్చేది. అసలైతే డాష్‌బోర్డు మీద పటం ఉన్న రేకు ఉండాలి, చాలా బండ్లలో అది ఎప్పుడో ఊడిపోయింది. లివరు స్థానం తెలియకపోతే ఇలా పరీక్షించండి: వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టి, ట్రాన్స్‌ఫర్ కేసును హైలోనూ గేరును న్యూట్రల్లోనూ ఉంచి, ముందు చక్రం ఒకటి లేపి చేత్తో తిప్పండి. ముందు చక్రాలను ఆక్సిళ్లకు కలిపే, విడదీసే హబ్బులుంటే అవి లాకులో ఉండాలి. చక్రంతో పాటు ముందు షాఫ్టు కూడా తేలిగ్గా తిరిగితే ఫోర్ వీల్ పడలేదు. చక్రం అసలు తిరగనంటే పడింది.

అడ్డు రాళ్ల గురించి రెండుసార్లు చెప్పింది ఊరికే కాదు. పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టు మీద ఉంటుంది. వెనక చక్రం ఒకటి లేపారంటే డిఫరెన్షియల్ వల్ల ఆ బ్రేకు పనిచెయ్యదు, బండి జాకీ మీంచి దొర్లిపోతుంది.

ముందు ఇరుసు కలపకుండా లో వెయ్యనివ్వని అడ్డుపుల్ల ఈ రెండు లివర్ల ట్రాన్స్‌ఫర్ కేసుల్లో ఉంటుంది. కాబట్టి ఫోర్ వీల్ ముందు, లో తర్వాత. తీసేటప్పుడు తిరగేసి. ముందు ఇరుసు లివరును నడక వేగంలో, స్టీరింగు తిన్నగా ఉన్నప్పుడు, చక్రాలు జారకుండా ఉన్నప్పుడు వెయ్యవచ్చు. లో మాత్రం బండి ఆగాక లేదా ఆగబోతున్నప్పుడే.

ఇంకొక్కటి. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదలలో ఉండాలి. ముందు కొత్తవి, వెనక అరిగినవి ఉంటే తిన్నటి రోడ్డు మీదే మెలి పడుతుంది. చుట్టుకొలతలో నూటికి ఒక వంతు తేడా ఉంటే 100 మీటర్లకు ఒక మీటరు! టేపుతో టైరు చుట్టూ కొలవండి, నాలుగింటి మధ్య తేడా సెంటీమీటరు లోపుంటే నిశ్చింత.

ప్రశ్న: జిప్సీకి చూడ్డానికి బాగుంటాయని వెడల్పు టైర్లు వేయించాను. వాన పడ్డాక మా నల్లమట్టి పుంతలో ఫోర్ హై వేసినా యాభై గజాలకే టైర్లు మట్టి ముద్దలై దిగబడుతోంది. ఇదివరకు సన్న టైర్లతో ఇంత బాధ లేదు. లోపం ఎక్కడ?
— వరి రైతు, ఉండి

లోపం టైర్లలోనే ఉంది. వెడల్పు టైరు పొడి ఇసకకు మంచిది, ఎందుకంటే అక్కడ పైన తేలాలి. డెల్టా బంకమట్టి సంగతి వేరు. పై నాలుగంగుళాలు జిగురు, కింద గట్టి పొర. దమ్ము చేసిన చేలో కూడా జానెడు లోతున ఏటేటా నాగలీ ట్రాక్టరూ తొక్కిన గట్టి నేల తగులుతుంది. సన్న టైరు ఆ జిగురును కోసుకుంటూ దిగి గట్టినేలను పట్టుకుంటుంది. వెడల్పు టైరు జిగురు మీదే ఉండిపోతుంది. పైగా రోడ్డు టైరు గాళ్లలో మట్టి నిండిపోయిందంటే ఇక అది నున్నటి టైరే. దూరదూరంగా, లోతుగా, వాలుగా దిమ్మెలున్న పాత జీపు టైర్లు ఇక్కడ ఇప్పటికీ నప్పడానికి కారణం అదే, తిరుగుతున్నప్పుడు మట్టిని బయటికి విసిరేస్తాయి.

టైర్లు మార్చేదాకా చెయ్యగలిగింది ఉంది. పుంతలోకి దిగకముందే, గట్టి నేల మీదే లివరు వేసుకోండి. దిగబడ్డాక వేద్దామనుకుంటే వెనక చక్రాలు అప్పటికే గొయ్యి తవ్వుకుని ఉంటాయి, ముందు చక్రాలు ఆ గోతిలోంచి బండిని లాగాలి. గాలి 18 నుంచి 20 పీఎస్‌ఐకి దించండి. ఫోర్ హై మొదటి గేరు కన్నా ఫోర్ లో రెండో గేరు, కుదిరితే మూడోది మేలు. జిప్సీ పెట్రోలు ఇంజనుకు తక్కువ తిరుగుడులో బలం తక్కువ, హైలో వేస్తే ఆగిపోబోతుంది, మీరు యాక్సిలరేటరు తొక్కుతారు, చక్రం జారుతుంది. లోలో సమంగా, గేరు మార్చకుండా, ఆగకుండా వెళ్లిపోండి. పట్టు తగ్గుతున్నట్టనిపిస్తే స్టీరింగును అటూ ఇటూ పావు చుట్టు తిప్పుతూ ఉంటే టైరు అంచులు పక్క మట్టిని కొరుకుతాయి.

బండి ముందుకు కదలడం మానిందంటే వెంటనే కాలు తీసెయ్యండి. అక్కడి నుంచి ప్రతి చుట్టూ కిందికే. జిప్సీకి నేల నుంచి ఎత్తు 210 మిల్లీమీటర్లు. గాడి అంతకన్నా లోతైతే హౌసింగు మట్టి మీద కూర్చుంటుంది, అప్పుడు నాలుగు చక్రాలూ గాల్లో ఉన్నట్టే లెక్క. రివర్సు వేసి వచ్చిన గాళ్లలోనే వెనక్కి రండి. రాకపోతే పార తీసి హౌసింగుల కింద, చక్రాల ముందు మట్టి తియ్యండి. కోనసీమలో అయితే కొబ్బరి డొక్కలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి, చక్రం కింద బోర్లించి పరిస్తే బాగా పట్టిస్తాయి. మట్టలు వేసేటప్పుడు చక్రానికి అడ్డంగా వెయ్యండి, నిలువుగా వేస్తే పట్టాల మీద జారినట్టు జారుతుంది. ఎండుగడ్డి తడిస్తే అదే జారుడు.

ట్రాక్టరు పిలిస్తే మోకు చాసిస్‌కు కట్టించండి. బంపరుకు, కమాను పట్టీలకు, స్టీరింగు రాడ్డుకు వద్దు. ముందు మోకు బిగుసుకోనిచ్చి తర్వాత లాగాలి, వదులుగా ఉంచి ఊపుతో లాగితే తెగుతుంది. తెగిన మోకు కొరడాలా వస్తుంది కాబట్టి మధ్యలో తడి గోనె ఒకటి వేసి, చూసేవాళ్లను మోకు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబెట్టండి. దమ్ము చక్రాల ట్రాక్టరు బాగానే లాగుతుంది గాని పుంతను మరి పనికిరాకుండా చేసేస్తుంది. ఊళ్లో తగువు తెచ్చుకునేది దాని వల్లే.

చెరువు గట్ల మీద ఒక హెచ్చరిక: కొత్తగా పోసిన గట్టు చూడ్డానికి ఆరినట్టే ఉంటుంది, లోపల మెత్తగా ఉంటుంది. చక్రం అంచుకు రెండడుగుల లోపు పోనివ్వకండి. గట్టు ఒరిగితే ఫోర్ వీల్ చేసేదేమీ లేదు.

ప్రశ్న: ఫోర్ వీల్ అంటే నాలుగు చక్రాలూ తిరగాలి కదా. మా జీపు దిగబడితే ముందు ఒకటి, వెనక ఒకటే తిరుగుతున్నాయి. మెకానిక్ ముందు హౌసింగు విప్పాలంటున్నాడు.
— ఆలమూరు

విప్పించకండి. మీ బండి సరిగ్గానే ఉంది. ముందు, వెనక హౌసింగుల్లో ఉన్నవి మామూలు డిఫరెన్షియళ్లు. ఒక చక్రం గాల్లోనో జిగురులోనో ఉంటే తేలిగ్గా తిరిగే వైపే తిప్పేస్తాయి. ముందు కుడి చక్రం, వెనక ఎడమ చక్రం ఒకేసారి పట్టు కోల్పోతే బండి నిలబడిపోతుంది. అందుకే గోతుల్ని ఏటవాలుగా కాక, రెండు ముందు చక్రాలూ ఒకేసారి దిగేలా ఎదురుగా దాటాలి.

నిలబడిపోయినప్పుడు ఒక కిటుకు పనిచేస్తుంది. తక్కువ యాక్సిలరేటరు మీద ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ను కొంచెం కొంచెంగా తొక్కండి. ఊరికే తిరిగే చక్రానికి బ్రేకు అడ్డు తగిలితే ఆ బలంలో కొంత అవతలి చక్రానికి వెళుతుంది. లో గేరులోనే చెయ్యాలి, నాలుగైదు సెకన్లకు మించి చెయ్యకూడదు. హ్యాండ్‌బ్రేకుతో దీన్ని చేద్దామని కొందరు చూస్తారు. పైన చెప్పినట్టు పాత జీపుల హ్యాండ్‌బ్రేకు షాఫ్టు మీద ఉంటుంది కాబట్టి చక్రాల మధ్య తేడా ఏమీ రాదు, ఇంజను మీద బరువు తప్ప.

ప్రశ్న: మీట తిప్పితే ఫోర్ వీల్ లైటు వెలుగుతోంది, ముందు చక్రాలు మాత్రం లాగడం లేదు. వాక్యూంతో లాకయ్యే హబ్బులున్న పాత ఎస్‌యూవీ.
— పాలకొల్లు

లైటు చెప్పేది ట్రాన్స్‌ఫర్ కేసు సంగతి, చక్రం సంగతి కాదు. మెత్తటి నేల మీద ఫోర్ వీల్ వేసి, ఒక మనిషిని దూరంగా పక్కన నిలబెట్టి మెల్లగా కదిలించండి. ముందు షాఫ్టు తిరగకపోతే లోపం ట్రాన్స్‌ఫర్ కేసులో: మీట మోటారు, ఫోర్కు, లేదా సాగిన చైను. సాగిన చైను బరువు పడినప్పుడు పళ్ల మీంచి దాటుతూ టకటకమంటుంది. షాఫ్టు తిరుగుతూ ముందు చక్రాలు లాగకపోతే లోపం హబ్బుల్లో.

హబ్బుల లోపానికి మూలం ఎక్కువగా గొట్టమే. ఇంజను వేడికి రబ్బరు పగులుతుంది, ఎలుకలు కొరుకుతాయి. ఇంజను ఆడుతుండగా ఫోర్ వీల్ వేసిన క్షణంలో హబ్బు దగ్గర గొట్టం ఊడదీసి వేలు పెట్టి చూడండి. పీలుడు లేకపోతే వెనక్కి వెతుక్కుంటూ పోండి: గొట్టం, టీ ముక్క, సోలినాయిడ్ వాల్వు. పీలుడు బాగుండి హబ్బు పట్టకపోతే హబ్బు లోపలి సీలు చిరిగింది. ఆ సీలు చిరిగిన బండి నీళ్లలో దిగితే వాక్యూం నీళ్లను బేరింగుల్లోకి పీలుస్తుంది. దీన్ని మాటిమాటికీ బాగుచేయించే బదులు, అదే ఇరుసుకు సరిపోయే చేత్తో తిప్పే లాకింగ్ హబ్బులు దొరికితే వేయించుకోవడం మంచిదని మా అభిప్రాయం. బురదలో దిగి రెండు చక్రాల దగ్గరా తిప్పాలి, నిజమే. ఆ పని బురదకు ముందు చేసుకుంటే సరి.

ప్రశ్న: మాది లంక గ్రామం. వరదకు కాజ్‌వే మీదికి నీరొస్తుంది. మోకాలి లోతు వరకూ జీపు పోతుందంటారు, నిజమేనా? మధ్యలో ఇంజను ఆగితే ఏం చెయ్యాలి?
— పి.గన్నవరం మండలం

నీరు నిలిచి ఉందా, పారుతోందా అన్నది మొదట చూడాలి. పారుతుంటే పోకండి, మోకాలి లోతైనా సరే. 1.2 టన్నుల జీపు కూడా నీరు అడుగు రేకును తాకినప్పటి నుంచీ తేలికవుతుంది. టైరు మీద బరువు తగ్గితే నాలుగు చక్రాల పట్టూ తగ్గుతుంది, పక్కనుంచి తోసే నీరు మాత్రం తగ్గదు. కాజ్‌వే అంచు కోసుకుపోయిందో లేదో పైనుంచి కనపడదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వచ్చిందంటే బండిని ఏటిగట్టు మీదికి చేర్చేసి, అటుపైన పడవ మీద ఆధారపడడమే లంకల వాళ్లకు తెలిసిన పద్ధతి. ఫోర్ వీల్ ఉంది కదా అని దాన్ని మార్చుకోవద్దు.

నిలవ నీటికి మాత్రం కొన్ని లెక్కలున్నాయి. ఏ సన్నాహమూ లేని పాత బండికి చక్రం మధ్య హబ్బు మట్టం, అంటే సుమారు 35 సెంటీమీటర్లు, భయం లేని లోతు. 50 దాకా పోవాలంటే ముందు పనులు చేసుకోవాలి. కర్రతో నడిచి లోతు చూసుకోండి. ఎండలో దూరం నడిచి వచ్చిన హౌసింగు వేడిగా ఉంటుంది. చన్నీళ్లు తగిలితే లోపలి గాలి కుంచించుకుని సీళ్ల దగ్గర, గాలి ఆడే రంధ్రమైన బ్రీదరు దగ్గర నీటిని పీల్చుకుంటుంది. అందుకని పది పదిహేను నిమిషాలు చల్లారనివ్వండి. బ్రీదరుకు 8 మిల్లీమీటర్ల గొట్టం తగిలించి బానెట్టు లోపల పైకి కట్టేస్తే ఈ బాధ చాలావరకు పోతుంది, ఖర్చు కూడా తక్కువే. పెట్రోలు బండికైతే డిస్ట్రిబ్యూటరు, ప్లగ్గు వైర్ల మీద నీరు చిందకుండా చూడాలి.

ఫోర్ లో, మొదటి గేరు లేదా రెండోది. నీళ్లలో దిగాక గేరు మార్చకండి, క్లచ్చి తొక్కకండి, క్లచ్చి ప్లేట్ల మధ్యకు మురికి నీరు పోతుంది. మనిషి నడిచే వేగం చాలు. అప్పుడు బండి ముందు చిన్న అల లేస్తుంది, దాని వెనక ఇంజను దగ్గర నీరు కాస్త తగ్గుతుంది. ఒడ్డెక్కాక బ్రేకును తేలిగ్గా తొక్కుతూ కొంత దూరం పోయి ఆరబెట్టుకోండి.

మధ్యలో ఆగితే సెల్ఫు కొట్టవద్దు. ఇంజనులోకి నీరు పీల్చి ఆగి ఉంటే, సిలిండరులోని నీరు గాలిలా నొక్కుడు పడదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బయటికి లాగించి ఎయిర్ ఫిల్టరు చూడండి. అది తడిసి ఉంటే డీజిలు బండికి ఇంజెక్టర్లు, పెట్రోలు బండికి ప్లగ్గులు విప్పి, ఆ తర్వాత ఇంజను తిప్పి నీరు బయటికి కొట్టించాలి.

నీళ్లలో దిగి వచ్చిన మర్నాడు ఉదయం, బండి కదల్చకముందు, రెండు హౌసింగులు, ట్రాన్స్‌ఫర్ కేసుల కింది ప్లగ్గులు కొద్దిగా వదులు చెయ్యండి. రాత్రంతా నిలిచిన బండిలో నీరు బరువు కాబట్టి అడుగుకు చేరి ముందు అదే వస్తుంది. ఆయిలు పాలలా తెల్లబడితే మొత్తం మార్చేయాలి, సగం తీసి సగం పొయ్యడం పొదుపు కాదు.

ప్రశ్న: వలలు, ఐసు పెట్టెలు అంతర్వేది ఇసకలో పడవల దాకా తీసుకెళ్లాలి. టైరులో గాలి ఎంత ఉంచాలి? ఉప్పునీటికి చాసిస్ తినేస్తోంది, వాడేసిన ఇంజను ఆయిలు పూస్తున్నాం.
— సఖినేటిపల్లి మండలం

పొడి ఇసకకు 15 నుంచి 16. బరువు ఎక్కువుంటే వెనక 18. 12కు దిగితే మలుపులో టైరు రిమ్ము వదిలేస్తుంది. గాలి దించినప్పుడు టైరు వెడల్పు కన్నా పొడవు ఎక్కువ పెరుగుతుంది, నేల మీద పరుచుకునే ఆ పొడవే బండిని తేలుస్తుంది. ఫోర్ హై రెండో గేరులో ఊపు పోకుండా, 25 కిలోమీటర్లు మించకుండా, పెద్ద వంపుల్లో తిరగండి. ఆపాలంటే బ్రేకు తొక్కకుండా దానంతట అదే ఆగనివ్వండి, బ్రేకు తొక్కితే చక్రాల ముందు ఇసక గట్టు కట్టుకుంటుంది. సముద్రం వైపు పల్లానికి ముఖం పెట్టి ఆపితే మళ్లీ కదలడం తేలిక. పోటు తీసిన తర్వాత తడిగా మిగిలిన పట్టీ గట్టిగా ఉంటుంది, నీటి అంచు మాత్రం మెత్తన. పోటు వేళ తెలుసుకోకుండా అక్కడ బండి వదలకండి. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి కొట్టుకోవాలి, అందుకని సిగరెట్ లైటరుకో బ్యాటరీకో తగిలించే చిన్న కంప్రెసరు ఉండాల్సిందే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు పై ఇసకలో గుడ్లు పెడతాయి, ఆ నెలల్లో పడవల దారి దాటి తిప్పకండి.

వాడేసిన ఆయిలు మానెయ్యండి. రబ్బరు బుష్షులను ఉబ్బిస్తుంది, బ్రేకు డ్రమ్ముల్లోకి కారుతుంది, దాని మీద ఇసక అంటి ఉప్పును అక్కడే పట్టి ఉంచుతుంది. చెయ్యాల్సింది అదే రోజు కడగడం. చాసిస్ పెట్టె రంధ్రాల్లోకి గొట్టం పెట్టి లోపల కూడా, కమాను పట్టీల మధ్య, డ్రమ్ముల వెనక. బోరు నీళ్లే ఉప్పగా ఉండే ఊళ్లలో కాలువ నీళ్లు వాడండి, ఉప్పును ఉప్పుతో కడిగి లాభం లేదు. ఆరాక క్రాసులకు, కమాను పిన్నులకు, కింగ్ పిన్నులకు గ్రీజు కొట్టండి. పాత గ్రీజు, నీరు బయటికి వచ్చి కొత్త గ్రీజు కనపడేదాకా. తుప్పు గోకి జింకు ప్రైమరు, దానిమీద చాసిస్ పెయింటు వేస్తే ఏడాదికి ఒకసారి సరిదిద్దుకుంటే చాలు. బ్రేకు పైపులు మాత్రం గోకి చూసుకోండి, అవి లోపల కాదు, బయట నుంచి తినేసి పగులుతాయి.

ప్రశ్న: ఏడాదికి రెండు నెలలే ఫోర్ వీల్ అవసరం. మిగతా పది నెలలూ తాకకపోతే చెడుతుందా? ఏ ఆయిలు పొయ్యాలి?
— ద్రాక్షారామం

చెడుతుంది. హబ్బులు ఫ్రీగా ఉంటే ముందు క్రౌన్ తిరగదు, ఆయిలు అడుగునే ఉంటుంది, పైభాగం పళ్లు మన తేమకు తుప్పు పడతాయి. లివరు కడ్డీలూ అంతే. నెలకొకసారి హబ్బులు లాకు చేసి, మట్టి రోడ్డు మీద తిన్నగా రెండు మూడు కిలోమీటర్లు ఫోర్ హైలో, కాసేపు లోలో నడపండి.

హౌసింగులకు 90 నంబరు గేరు ఆయిలు, జీఎల్-5 రకం. గేర్లతో నడిచే పాత జీపు ట్రాన్స్‌ఫర్ కేసుకు, గేరుబాక్సుకు 90 నంబరు జీఎల్-4. గేరుబాక్సులో ఇత్తడి రింగులుంటే జీఎల్-5 వాటికి పడదు. ఒక్కొక్క దానికి లీటరు నుంచి లీటరున్నర పడుతుంది. బండి సమతలం మీద ఉంచి ఫిల్లరు రంధ్రం అంచుకు వచ్చేదాకా పొయ్యడమే కొలత. పాత జీపులో గేరుబాక్సు మట్టం తగ్గి ట్రాన్స్‌ఫర్ కేసు మట్టం పెరుగుతుంటే రెంటి మధ్య సీలు పోయింది, ఆయిలు ఎక్కడికీ మాయం కాలేదు. చైను ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసుల్లో చాలావాటికి పలచటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిలు) పొయ్యాలి. వాటిలో అలవాటు కొద్దీ 90 నంబరు పోస్తే చైనుకు, లోపలి పంపుకు ఆయిలు అందదు. బండి పుస్తకం చూడకుండా పొయ్యనివ్వకండి.

ప్రశ్న: నేను చూసిన పాత జీపుకు ముందు ప్రొపెల్లర్ షాఫ్టు లేదు. మైలేజీ కోసం తీసేశామన్నారు. లో గేరు పడుతోంది కాబట్టి కొనవచ్చా?
— తణుకు

ధర తగ్గించి కొనవచ్చు, షాఫ్టు వేయించాకే లో వాడండి. రెండు లివర్ల పాత జీపుల్లో లో నిష్పత్తి దాదాపు 2.46. ముందు షాఫ్టు లేకపోతే ఆ పెరిగిన బలమంతా వెనక ఆక్సిల్ ఒక్కదాని మీదే పడుతుంది. బురదలో ఉన్నట్టుండి టైరు గట్టినేలను పట్టుకున్న క్షణంలో తెగేది అదే. మైలేజీ కోసమైతే షాఫ్టు తియ్యక్కర్లేదు, ఫ్రీ వీలింగ్ హబ్బులు వేస్తే షాఫ్టు, ముందు క్రౌన్ రెండూ నిలిచిపోతాయి.

కొనేముందు షాఫ్టు ఎందుకు తీశారో కూడా చూడండి. ముందు హౌసింగు ప్లగ్గు విప్పి ఆయిల్లో ఉక్కు ముక్కలున్నాయేమో వేళ్లతో రుద్దండి. ముందు చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే కింగ్ పిన్నుల వదులు, హబ్బు బేరింగుల వదులు తెలుస్తుంది. ముందు చక్రం పక్కకు తిరిగే చోట ఉండే నకిల్ గుండు మీద గ్రీజు కారిన మరకలు, తుప్పు గోతులు ఉంటే సీళ్లు మార్చినా మళ్లీ కారతాయి, గుండు కూడా మార్చాల్సి వస్తుంది. అది దొరకడమే కష్టం, బేరం అక్కడ ఆడండి.